ఖాళీ రాడ్డుతో మొదలెట్టండి

పీడీ మేడం జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. పని చేసీ చేసీ కుదేలైపోయాం, ఇప్పుడు మమ్మల్ని మేం బాగుచేసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. వాటిలో నాలుగు ఏరి పెట్టాను. ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరైనదాన్ని. ఆడపిల్లల చేత బరువులెత్తించడం నా పనిగా ఉండేది. అందుకని నా జవాబుల్లో రాడ్లూ ప్లేట్లూ దొర్లుతుంటాయి, సర్దుకోండి.

ప్రశ్న: మేడం, నాకు 33 ఏళ్ళు. విశాఖపట్నంలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు మ్యాథ్స్ చెప్పాను. పొద్దున్న ఆరున్నరకి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి తొమ్మిదికి డౌట్స్ క్లాసుతో ముగిసేది. ఆదివారం టెస్టులు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగడం. చివరి ఏడాది పిల్లలు డౌట్ అడిగితే ఒళ్ళు మండేది. నేను చెప్పినా చెప్పకపోయినా వచ్చేవాళ్ళకి ర్యాంకులు వస్తాయి కదా అనిపించేది. పోయిన దసరాకి ముందు బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయాను. తర్వాతి స్టెప్పు గుర్తు రాలేదు. పిల్లలు నవ్వారు. మర్నాడు వెళ్ళలేదు, ఇంక వెళ్ళనే లేదు. ఇప్పుడు ఆమదాలవలసలో అమ్మ దగ్గర ఉన్నాను. ఈ టైమైనా వేస్ట్ చెయ్యకూడదని టైమ్‌టేబుల్ వేసుకున్నాను, ఫోటో పంపుతున్నాను. ఐదింటికి లేవడం, యోగా, పదివేల అడుగులు, గ్రూప్-2, స్పోకెన్ ఇంగ్లీషు. చుక్కల ముగ్గులంటే చిన్నప్పట్నుంచి ఇష్టం కాబట్టి రోజుకో కొత్త ముగ్గు వేసి రీల్ పెట్టడం. రెండు రోజులు బ్రహ్మాండంగా చేస్తాను. మూడో రోజు మంచం దిగలేను. మళ్ళీ సోమవారం కొత్త టైమ్‌టేబుల్. అమ్మ ఏమీ అనదు గానీ పక్కింటి పిన్ని కనపడినప్పుడల్లా 'ఇంకా ఇక్కడే ఉన్నావేటమ్మా' అంటుంది. నేను నిజంగానే బద్ధకస్తురాలినైపోయానా?
(ఒక పాఠకురాలు, ఆమదాలవలస)

జవాబు: అమ్మా, మీ టైమ్‌టేబుల్ ఫోటో పెద్దది చేసుకుని మరీ చూశాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు, 45 నిమిషాల పీరియడ్లు, మధ్యలో పది నిమిషాల బ్రేకు, ఆదివారం గడిలో 'రివిజన్'. మీరు వదిలేసి వచ్చిన కాలేజీనే మీ అమ్మగారింట్లో మళ్ళీ తెరిచారు. ప్రిన్సిపాలూ మీరే, స్టూడెంటూ మీరే, మూడో రోజు ఆబ్సెంట్ వేసి నిలబెట్టి తిట్టేదీ మీరే. బద్ధకస్తులెవరూ స్కెచ్ పెన్నులతో గళ్ళు గియ్యరు గనక ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12. గ్రౌండులో రెండు రౌండ్లకే కూలబడిన పిల్లని దొంగవేషాలంటూ తిట్టడం, తీరా పరీక్ష చేయిస్తే ఒంట్లో రక్తం సగమే ఉండటం నేను సర్వీసంతా చూశాను. అలసటకి ఒంట్లోనే కారణం ఉంటే నేను చెప్పబోయేదంతా దండగ. రిపోర్టులు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నిద్ర ఎలా పడుతోందో, ఊరికే ఏడుపొస్తోందా, ఇవి కూడా దాచకుండా చెప్పండి. డిప్రెషన్‌కీ పని వల్ల వచ్చే ఈ అలసటకీ పైకి పోలికలు చాలా ఉంటాయి. ఏది ఏదో తేల్చాల్సింది వాళ్ళు.

రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయనుకుందాం. పని చేసీ చేసీ ఇలా కుదేలవడాన్ని బర్నౌట్ అంటున్నారు, దాని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో వివరంగా రాసింది. జబ్బుల లెక్కలో వెయ్యకుండా ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా రాసింది. చేసే చోట ఒత్తిడి చాలాకాలం ఉండి దానికి విరుగుడు దొరక్కపోతే వస్తుందంది. మూడు గుర్తులు చెప్పింది. సత్తువంతా అయిపోవడం, పని మీద విరక్తి పుట్టడం, నేను చేసేది దేనికీ కొరగాదనిపించడం. పిల్లలు డౌట్ అడిగితే ఒళ్ళు మండేదన్నారు, మీరు చెప్పకపోయినా ర్యాంకులు వస్తాయనిపించేదన్నారు. మూడూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా అంటే పద్నాలుగున్నర గంటలు. అలా తొమ్మిదేళ్ళు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో మ్యాథ్స్ లెక్చరర్‌కి నేను చెప్పాలా?

ఇక నాకు తెలిసిన సంగతికి వస్తాను. మీది ఆమదాలవలస కాబట్టి వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట గురించి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క ఊపున తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మా హాల్లో అడుగుపెట్టిన ప్రతి పిల్లా మొదటి రోజే ప్లేట్లు ఎక్కించమని ప్రాణం తీసేది. అంతంత ఎత్తేవాళ్ళు కూడా రోజూ అంత ఎత్తరని వాళ్ళకి నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చేవారు. మూడు వారాలు బరువు పెంచుకుంటూ పోతే నాలుగో వారం బాగా దించేస్తాం. కండ బలపడేది రాడ్డు ఎత్తేటప్పుడు అనుకుంటారు. ఎత్తేటప్పుడు అది నలుగుతుంది. బలపడటం తరవాత, తిని పడుకున్నప్పుడు.

దెబ్బ తగిలి ఆగిన పిల్ల సంగతి ఇంకోరకం. నడుమో మణికట్టో పట్టేసి రెండు నెలలు ఇంట్లో కూర్చుని మళ్ళీ హాల్లోకి వస్తే, చేతికిచ్చేది ఖాళీ రాడ్డు. ఆడవాళ్ళ రాడ్డు 15 కిలోలు. అటూ ఇటూ ప్లేటన్నది ఉండదు. అంతకుముందు 45 కిలోల స్నాచ్ చేసిన పిల్ల. అరచేతులకి చాక్ పొడి రాసుకుంటుంది, రాడ్డు ముందుకొచ్చి నిలబడుతుంది, వంగదు. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. మళ్ళీ వెళ్ళి ఇంకాస్త పొడి రాసుకుంటుంది. ఏమిటా అని చూస్తే, ఆ మూల మొన్న చేరిన జూనియర్లు ఇద్దరు ఇటే చూస్తుంటారు. వాళ్ళ ముందు ఖాళీ రాడ్డు ఎత్తడానికి నామోషీ. నేను ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళొచ్చేసరికి అటో ఐదు, ఇటో ఐదు కిలోల ప్లేట్లు తగిలించేసి ఉంటాయి. మర్నాడు మళ్ళీ నడుముకి బెల్టు, మళ్ళీ ఇంటికి.

మీ మూడో రోజు అదేనమ్మా. మీకు ఖాళీ రాడ్డు ఎత్తడం రాక కాదు, పక్కింటి పిన్ని చూస్తోందని.

మీ ఖాళీ రాడ్డు ఏమిటో తేల్చుకోవడానికి ఒకటే దారి. మంచం దిగలేని రోజంటూ ఒకటి ఉంది కదా. ఆ రోజు కూడా చెయ్యగలిగింది ఏదుందో, అదే మీ కోటా. హుషారుగా ఉన్న రోజు చెయ్యగలిగిందాన్ని కోటా అనుకున్నారు గనకే అది రెండు రోజులకి మించి నిలవలేదు. నడక అంటే గేటు దాకా వెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చుకోవడం. యోగా అంటే చాప పరుచుకుని కాసేపు వెల్లకిలా పడుకోవడం. నవ్వొస్తోందా? వస్తే కొలత సరిగ్గా కుదిరిందన్నమాట. పదివేల అడుగులన్నారు. అది ఏ డాక్టరూ కొలిచి చెప్పిన అంకె కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. అంకె గుండ్రంగా ఉంది, ప్రపంచమంతా పట్టుకుంది. నడక మంచిదే. ఆ అంకెకి మాత్రం దణ్ణం పెట్టక్కర్లేదు.

ఈ రోజు ఎంత చేశానన్నది రాసుకోవడం కొన్నాళ్ళు మానెయ్యండి. మర్నాడు లేవగానే ఒళ్ళెలా ఉందో గోడ క్యాలెండర్ మీద ఒక్క మాట రాయండి చాలు. తేలిక, మామూలు, బరువు, ఈ మూడింట్లో ఒకటి. మేం పిల్లల చేత పొద్దున్నే మంచం మీదుండగానే నాడి లెక్కపెట్టించేవాళ్ళం. రోజూ ఉండేదానికంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటే ఆ పిల్ల ఎంత గెంతుతున్నా సరే, ఆ రోజు బరువు దించేవాళ్ళం. నిన్నటి పని ఎక్కువైందో లేదో నిన్న సాయంత్రం తెలీదు, ఇవాళ పొద్దున్న తెలుస్తుంది. రెండు వారాలు వరసగా 'మామూలు' పడితే అప్పుడు ఒక్కటంటే ఒక్కటి కలపండి. పాల ప్యాకెట్ నుంచి వీధి మలుపు దాకా. రెండు మూడు రోజులు వరసగా 'బరువు' పడితే వెనక్కి రండి. దాన్ని ఓడిపోవడం అనుకుంటే నా దగ్గర బరువులెత్తిన పిల్లలందరూ నెల నెలా ఓడిపోయినట్టే.

చాలామంది బోల్తా పడేది నీరసంగా ఉన్న రోజున కాదు, బాగున్న రోజున. పొద్దున్నే లేచేసరికి ఒంట్లో హుషారుగా ఉంటుంది. ఇంకేం, పోగొట్టుకున్నదంతా ఇవాళే రాబట్టాలని అటక దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, పాలిటీ రెండు చాప్టర్లు చదివి, సాయంత్రం అరసవల్లి దాకా వెళ్ళొస్తారు. రేపూ ఎల్లుండీ మంచమే. బాగున్న రోజున కూడా కోటా అంతే. 'ఇంకాస్త చెయ్యగలను' అనిపిస్తున్నప్పుడే లేచి వచ్చెయ్యాలి. మీలాంటివాళ్ళకి ఇదే అన్నిటికన్నా కష్టం, తొమ్మిదేళ్ళు 'ఇంకో గంట' అన్న మాట మీదే బతికారు కాబట్టి. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒకసారి లెక్క రాసి చూడండి: దుప్పట్లన్నీ ఒక్క రోజున ఉతికిన వారంలో మొత్తం ఎన్ని పనులయ్యాయో, రోజుకో దుప్పటి ఉతికిన వారంలో ఎన్నయ్యాయో.

ముగ్గు మాత్రం నా మాట విని ఆ టైమ్‌టేబుల్లోంచి తీసెయ్యండి. కాలేజీ పోగా మీకంటూ మిగిలిన ఇష్టం అదొక్కటి. దాన్ని కూడా పీరియడ్లోకి ఎక్కించి, లైకుల రూపంలో మార్కులు వేయించుకుంటున్నారు. వెయ్యాలనిపిస్తే వెయ్యండి, అనిపించకపోతే మీ అమ్మగారు వేస్తుంటే గడప మీద కూర్చుని చూడండి. ఐదు చుక్కలది చాలు. మెలిక తప్పితే తప్పనివ్వండి. ఫోటో వద్దు. బియ్యప్పిండైతే చీమలు తినిపోతాయి, ఎవరూ లెక్క అడగరు.

గ్రూప్-2 ఇప్పుడు కాదు. డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ ఆ దిగులు లోపల లేకుండా ఉండదు. దాచుకున్నది ఎన్ని నెలలకి వస్తుందో అమ్మతో కూర్చుని ఒక కాగితం మీద వేసుకోండి. అంకె చిన్నదైనా ఫరవాలేదు, తెలియని అంకె కంటే తెలిసిన అంకె నిద్ర పట్టనిస్తుంది. మళ్ళీ పాఠం చెప్పాలనిపించే రోజు రావచ్చు. అప్పుడు ముందు అడగాల్సింది జీతం కాదు, ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళ్ళొచ్చని. మనిషి కోలుకుని మళ్ళీ అదే పద్నాలుగున్నర గంటల్లోకి దూకితే ఈ ఉత్తరం రెండేళ్ళకి మళ్ళీ రాస్తారు.

పక్కింటి పిన్నితో 'సెలవులో ఉన్నాను పిన్నీ' అనండి. ఎన్నాళ్ళు సెలవు అని అడుగుతుంది, ఆవిడ ఊరుకునే రకంలా లేదు. 'ఇంకా మంజూరు కాలేదు' అనండి.

ప్రశ్న: మేడం, నాకు 29 ఏళ్ళు. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రాత్రి షిఫ్టులతో ఆరోగ్యం దెబ్బతిని రెండు నెలలు సెలవు పెట్టాను. మాది కాశీబుగ్గ దగ్గర పల్లె. తిత్లీ తుపానులో పోయిన చెట్ల చోట నాన్న మళ్ళీ వేసిన జీడితోటలో రోజూ నడుస్తూ, ఇయర్‌ఫోన్స్‌లో సెల్ఫ్ ఇంప్రూవ్‌మెంట్ పాడ్‌కాస్టులు ఒకటిన్నర స్పీడులో వింటున్నాను. ధ్యానం యాప్‌లో ఒక్క రోజూ తప్పకుండా 40 రోజుల స్ట్రీక్ వచ్చింది. చెల్లి పెళ్ళిచూపుల హడావిడిలో ఒక రోజు తప్పి సున్నాకి పడిపోయింది. అప్పట్నుంచి కూర్చోబుద్ధి కావడం లేదు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందంటారు. మరి నాకు 40 రోజులకీ ఎందుకవలేదు?
(ఒక పాఠకుడు, పలాస మండలం)

జవాబు: బాబూ, ముందు ఆ 21 రోజుల మాట పక్కన పెట్టండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మంది చేత భోజనంతో పాటు పండు తినడం, నీళ్ళు తాగడం, కాస్త పరిగెత్తడం లాంటి చిన్న పనులు రోజూ చేయిస్తూ గమనించారు. 2010లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అంటే మీ 40 రోజులు తక్కువా కాదు, ఎక్కువా కాదు. నాకు అందులో బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ కాలేదు. మీ ఒంట్లో 40 రోజుల ధ్యానం ఎక్కడికీ పోలేదు. సున్నా పడింది యాప్‌లో. ఆ యాప్ కట్టినవాళ్ళకి మీరు రోజూ తెరవడం కావాలి, అందుకే సున్నా చూపించి భయపెడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది నేను విప్పి చెప్పడం ఏమిటో!

ఆ యాప్ తీసేసి కూడా ధ్యానం చేసుకోవచ్చు. చెయ్యకపోయినా కొంపలేం మునగవు.

పాడ్‌కాస్టుల గురించి నా అభిప్రాయం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. అలిసిపోయి వచ్చిన మనిషి చెవిలో రోజూ 'నువ్వు ఇంకా ఎదగాలి' అని ఎవరో ఒకరు నూరిపోస్తుంటే, అది కంపెనీ మీటింగుకి తక్కువేం కాదు. పైగా ఒకటిన్నర స్పీడులో. మీ బాసు కూడా అంత వేగంగా మాట్లాడి ఉండడు. సెలవైపోయేదాకా వాటిని ఆపండి. ఇయర్‌ఫోన్స్ ఇంట్లో పెట్టి తోటకి వెళ్ళండి. మొదటి వారం చిరాకుగానే ఉంటుంది, చేతులు ఫోను కోసం జేబులు తడుముతాయి. మీ నాన్నగారు తిత్లీ తర్వాత వేసిన మొక్కల్లో ఏ వరస ముందు వేశారో, ఏది సరిగ్గా కాయడం లేదో మీకు తెలుసా? ఆయన్ని అడుగుతూ నడవండి. ఆయన చెప్పేది ఒకటిన్నర స్పీడులో పెట్టడం ఎలాగూ కుదరదు.

ఇంకొకటి. రెండు నెలలయ్యాక మళ్ళీ రాత్రి షిఫ్టే అయితే ఈ నడకలూ ధ్యానాలూ గట్టున పెట్టాల్సి వస్తుంది. సెలవు అయిపోయే రోజు దాకా ఆగకుండా, పగటి షిఫ్టున్న టీముకి మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టండి. డాక్టరు కాగితం ఉంటే దానికి జత చెయ్యండి. 'ఆలోచిస్తాం' అంటారు. వారానికోసారి గుర్తుచెయ్యండి, మొహమాటపడకండి.

ప్రశ్న: అమ్మా, నాకు చదువు తక్కువ, మా మేనకోడలు రాసిపెడుతోంది. మావాడికి 26 ఏళ్ళు. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో స్టాఫ్ నర్సు. అన్నీ నైట్ డ్యూటీలే. నెల కిందట చెప్పాపెట్టకుండా బ్యాగుతో వచ్చేశాడు. తింటాడు, పడుకుంటాడు, లేచి మళ్ళీ పడుకుంటాడు. 'ఏటైంది నాన్నా' అంటే 'ఏట్లేదమ్మా' అంటాడు. దిష్టి తీయించాను, పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నాను. వాళ్ళ నాన్న 'కుర్రోడు సెడిపోనాడు' అని వాడు వినేటట్టే అంటున్నారు. నేనేటి చెయ్యాలి?
(ఒక తల్లి, చీపురుపల్లి)

జవాబు: అమ్మా, దిష్టి తీశారు, మంచిదే, తప్పేం లేదు. సిరిమాను ఉత్సవం నాటికి వాణ్ణి తీసుకుని విజయనగరం వెళ్ళి మొక్కు తీర్చుకుందురు గాని. అమ్మవారికి చెప్పుకున్నాం కదా అని డాక్టరుకి చెప్పడం మానకూడదు, అంతే.

ఐసీయూలో రాత్రుళ్ళు చేసినవాడు ఏం చూసి వచ్చి ఉంటాడో మనం ఊహించలేం. అటువంటివాడు ఇంటికొచ్చాక మొదట్లో పడి నిద్రపోవడం వింతేం కాదు. చెడిపోయినవాడైతే ఇంటికెందుకు వస్తాడు? ఈ మాట ఆయనతో మీరు చెబితే వినరనిపిస్తే, ఆయన మాట కాదనలేని పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటారు, మీ అన్నగారో, వాళ్ళ అక్కగారో, వాళ్ళ చేత చెప్పించండి. కొడుకు వినేటట్టు అనడం మాత్రం ఈ రోజే ఆగాలి.

మీరు చెయ్యగలిగినవి చిన్నవే. అన్నం పెట్టేటప్పుడు హితబోధ వద్దు. ఎదురింటి కుర్రాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన కబురు వద్దు. 'ఏటైంది' అని రోజూ అడగకండి, వాడి దగ్గర దానికి జవాబు తయారుగా లేదు. మీరు చిక్కుళ్ళు వలుస్తూనో బియ్యం ఏరుతూనో వాడి పక్కన ఊరికే కూర్చోండి. చేతిలో పని ఉండి, కళ్ళు వాడి మీద లేకపోతే, చెప్పాలనుకున్నప్పుడు వాడే చెబుతాడు.

ఇంటికి నిజంగా అవసరమైన పని ఒకటి వాడికి అప్పజెప్పండి. మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు కట్టడం లాంటిది. వాణ్ణి బాగుచెయ్యడానికి పెట్టిన పనిలా కనపడకూడదు, 'నాకు మోకాళ్ళ నొప్పి, నువ్వు చూడు నాన్నా' అన్నట్టు ఉండాలి. కట్టడం మర్చిపోయి నీళ్ళు పొంగిపోతే మీరే వెళ్ళి కట్టెయ్యండి. ఆ రోజు దాని గురించి మాటెత్తకండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం మీ మేనకోడలి చేత రెండుసార్లు చదివించుకోండి. వాడు తిండి మానేసినా, రాత్రంతా మేలుకునే ఉంటున్నా, రోజుల తరబడి స్నానం చెయ్యకపోయినా, రెండు వారాలు దాటినా మొహంలో ఏ మార్పూ రాకపోయినా డాక్టరుకి చూపించాలి. మీరు నెల అంటున్నారు కాబట్టి ఈ వారమే తీసుకెళ్ళండి. 'నేను లేకపోతే మీకు బాగుంటుంది' లాంటి మాట వాడి నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, వాణ్ణి ఒంటరిగా వదలొద్దు. అనుమానంగా ఉంటే సూటిగా అడగండి, 'చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా' అని. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకో భయం. పుట్టదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే గుండెల్లో బరువు కొంత దిగుతుంది. 14416 అని ప్రభుత్వం వారి నంబరుంది, టెలీమానస్ అంటారు, 2022లో పెట్టారు. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడే చెయ్యాలని లేదు, తల్లిగా మీరు చేసి అడగొచ్చు.

వాడు నర్సు కదా, 'నాకు తెలుసులే అమ్మా' అంటాడు. ఎన్ని తెలిసినా తన చేతికి తను సెలైన్ పెట్టుకోలేడని చెప్పండి.

ప్రశ్న: మేడం గారూ, నేను విజయనగరంలో మెడికల్ రిప్రజెంటేటివ్‌ని, 41 ఏళ్ళు. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం లైను నాది. రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరతాను. కొన్ని నెలలుగా పొద్దున్న బైకు తియ్యాలంటేనే ఏడుపొస్తోంది. ఉద్యోగం మానే పరిస్థితి లేదు, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. స్టామినా పెంచుకుందామని గంటస్తంభం దగ్గర జిమ్‌లో మూడు నెలల ఫీజు కట్టాను. రాత్రి పదింటికి వెళ్ళి గంటసేపు చేస్తున్నాను. పడుకునేసరికి పన్నెండున్నర, ఆరింటికి లేవాలి. ఇంకా నీరసంగా ఉంటోంది. ఏ ప్రోటీన్ పౌడర్ వాడమంటారు?
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: పౌడరు సంగతి తర్వాత. పన్నెండున్నర నుంచి ఆరు అంటే ఐదున్నర గంటలు. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. మిగతా గంటన్నర మీరు జిమ్‌కి ఎదురిచ్చి మరీ అమ్ముకుంటున్నారు. ఆ నిద్ర లేకుండా బరువులెత్తితే కండ నలగడమే మిగులుతుంది. నేనైతే మా హాల్లో అటువంటి పిల్లని రాడ్డు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. రాత్రి జిమ్ రేపట్నుంచి మానెయ్యండి. ఇంటికొచ్చి, తిని, పదిన్నరకల్లా పడుకోండి. కొన్ని వారాలు మీ వ్యాయామం అదే.

రోజుకి పదిమంది డాక్టర్లని కలుస్తారు కదా, ఒక్కరికైనా మీ చెయ్యి చూపించారా? ఈసారి బొబ్బిలి వెళ్ళినప్పుడు శాంపిళ్ళ బ్యాగు కింద పెట్టి, పేషెంట్ల వరసలో కూర్చుని, బీపీ షుగరు చూపించుకోండి. పొద్దున్నే ఏడుపొస్తోందన్నది కూడా చెప్పండి, వాళ్ళు ఇంతకంటే పెద్దవే విన్నారు.

ఉద్యోగం మానలేనన్నారు, మానమని చెప్పడానికి నేనెవర్ని? కానీ నీరసం పుడుతున్నది ఆ లైన్లో అయితే దాన్ని జిమ్‌లో వెతికితే దొరకదు. మేనేజర్ని అన్నీ అడగకండి, ఒక్కటే అడగండి. రాత్రి పంపాల్సిన రిపోర్టు మర్నాడు పొద్దున్న పంపుతానని అడగొచ్చు. లేదంటే సాలూరునీ పార్వతీపురాన్నీ ఒకే రోజున కుక్కకుండా విడదియ్యమని అడగొచ్చు. మీ లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పీల్చేది ఏదో అది. పది అడిగితే ఏదీ ఇవ్వరు, ఒకటడిగితే ఇచ్చే అవకాశం ఉంటుంది. డాక్టరు గది బయట కూర్చున్నంతసేపూ కంపెనీ వాట్సాప్ గ్రూపు చూడటం కూడా మానండి. అది మీకు రోజులో ఊరికే దొరికే విశ్రాంతి, దాన్ని కూడా వాళ్ళకే ఇచ్చేస్తున్నారు.

పౌడరు డబ్బులతో గుడ్లు కొనండి. పొద్దున్న చోడంబలి (రాగి అంబలి) తాగి, మధ్యాహ్నం బ్యాగులో ఉడికించిన పెసలో వేరుసెనగలో పెట్టుకెళ్ళండి. బస్టాండులో దొరికే బజ్జీల కంటే నయం.

జిమ్‌కి ఫీజు కట్టేశానని బాధగా ఉంటుంది, నిజమే. నిద్ర కుదురుకున్నాక ఆదివారం పొద్దుటి పూట ఒక్కటే వస్తానని ట్రైనర్ని అడగండి. వస్తే అరగంట, తేలిక బరువులు, చెమట పట్టగానే ఇంటికి. కుదరదంటే ఆ డబ్బు పోనివ్వండి. మీ ఇంటి లోను మీద ఒక నెల వడ్డీ అంత కూడా ఉండదది.